గడ్డిబొమ్మల చేనులో చిలక

ఊ కొట్టండర్రా. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే నా కథ అడుగు ముందుకెయ్యదు.

వెనకటికి వీరకంఠీరవుడనే రాజుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణభీముడు, నడిపివాడు దానశీలుడు, చిన్నవాడు మణిధరుడు. తల్లీ తండ్రీ లేని మేనకోడలు చిత్రవల్లి కూడా ఆ కోటలోనే వాళ్ళతోపాటు పెరిగింది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం కోట మీదికి సుడిగాలి వచ్చింది. ఆ గాలిలోంచి ధూళికేతుడనే మాంత్రికుడు దిగి, చిత్రవల్లిని ఎత్తుకుని ఏడు సముద్రాల అవతలికి పోయాడు. పోతూ పోతూ ఆకాశంలోంచి ఒక మాట విసిరాడు.

"నా దీవిలో ఒక చేనుంది. ఏడాదిలో అందులో జొన్న పండించినవాడు పిల్లని తీసుకుపోవచ్చు. ఆ ఏడాదీ నేనా చేనులో కాలు పెట్టను, ఒట్టు. పండించలేకపోయాడా, ఆ చేనులోనే గడ్డిబొమ్మై నిలబడతాడు!"

వాడి ధైర్యం వాడిది. ఆ నేలలో సారమంతా ఎప్పుడో తన మంత్రాల కోసం పీల్చేసుకున్నాడు. అక్కడ గరిక కూడా మొలవదు.

రణభీముడు గుర్రమెక్కి వెళ్ళాడు. ఆ రాజవంశంలో ఒక ఆచారం ఉంది. ఏరువాక నాడు పురోహితుడు ముహూర్తం పెడతాడు, ఆ ఘడియకి రాజు నాగలి పట్టాలి. నేల ఎలా ఉందో ఎవరూ చూడరు. రణభీముడూ అంతే చేశాడు. వాన వెలిసీ వెలవకముందే, ముహూర్తం దాటిపోతోందని బురదలో నాగలి దింపాడు. దున్నిన మట్టి పెడ్డలు కట్టి, ఎండకి ఇటుకల్లా బిగుసుకుపోయింది. గింజలు లోపలే ఊపిరాడక చచ్చాయి. ఏడాది తిరిగేసరికి రణభీముడు గడ్డిబొమ్మయ్యాడు.

తర్వాత దానశీలుడు ఏనుగెక్కి వెళ్ళాడు. అతను అన్నలా బురదలో దున్నలేదు, అది మెచ్చుకోవాలి. కానీ ఊరేగింపుల్లో జనం మీదికి పూలు గుప్పించిన చెయ్యి కదా, విత్తనాలనీ అలాగే దోసిళ్ళతో గుప్పించాడు. మొలకలు ఒకదాని మీద ఒకటి లేచి, ఉన్న కాస్త తడికీ కొట్టుకుని, అన్నీ ఎండిపోయాయి. దానశీలుడూ గడ్డిబొమ్మయ్యాడు.

మణిధరుడు బయల్దేరుతుంటే రాజు అడ్డం పడ్డాడు. "నువ్వు కూడా పోతే నాకెవరున్నార్రా?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అన్నయ్యలు ఎండలో నిలబడి ఉన్నారు నాన్నగారూ. నేనిక్కడ నీడన కూర్చోలేను" అన్నాడు మణిధరుడు. పైకి అలా అన్నాడే గానీ, లోపల భయంగానే ఉంది. నాగలి ఎటువైపు పట్టుకోవాలో కూడా అతనికి తెలీదు.

దారిలో ఒక ముసలి మచ్చల ఎద్దు ఊబిలో దిగబడి కనిపించింది. మణిధరుడు తన గుర్రానికి తాడు కట్టి దాన్ని లాగించాడు. ఆ లాగుడుకి గుర్రం బెదిరి, తాడు తెంపుకుని ఇంటికి పారిపోయింది. ఇంకాస్త ముందుకెళ్తే, బండరాయి మీద ఎండకి మాడిపోతున్న వానపాములు కనిపించాయి. వాటిని తడిమట్టి నింపిన కుండలో వేసుకున్నాడు. ఇంకాస్త ముందుకెళ్తే, బోయవాడి వలలో గోరింక ఒకటి గింజుకుంటోంది. వల కోసి వదిలిపెట్టాడు.

సముద్రం ఒడ్డుకి చేరి దిగాలుగా నిలబడితే వెనకనించి మాట వినిపించింది. "నా తోక పట్టుకో దొరా." చూస్తే మచ్చల ఎద్దు! దాని కొమ్ము మీద గోరింక. ఏడు సముద్రాలూ ఎద్దు తోక పట్టుకుని దాటిన రాకుమారుణ్ణి మీరెక్కడా చూసుండరు. మణిధరుడు అలాగే దాటాడు, నెత్తిన వానపాముల కుండ పెట్టుకుని మరీ.

దీవిలో చేను బూడిదలా ఉంది. మధ్యలో రెండు గడ్డిబొమ్మలు. వాటికి కళ్ళు మాత్రం మనిషి కళ్ళే. తమ్ముణ్ణి చూడగానే ఆ కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. మణిధరుడు "అన్నయ్యా!" అంటూ పరిగెత్తి చేనులో కాలు పెట్టాడో లేదో, అతని కాలివేళ్ళు గడ్డిపోచలైపోయాయి.

కోట బురుజు మీదనించి ధూళికేతుడు పకపకా నవ్వాడు. "కాలి గోళ్ళతో మొదలైంది, కుడిచేతి వేళ్ళతో ముగుస్తుంది. పండించుకో నాయనా!"

మణిధరుడు వెర్రిగా నాగలి అందుకున్నాడు.

"ఆగు దొరా" అంది ఎద్దు. "ఈ నేల ఆకలితో పడి ఉంది. ముందు దానికి తిండి పెట్టు."

రాలిన ఆకులు, ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచు, ఎద్దు వేసిన పేడ అన్నీ గోతిలో పోసి, తడిపి, మట్టి కప్పించింది. పచ్చి పేడ వేస్తే మొలక మాడుతుందట, మాగాలట. అది మాగుతుంటే చేనంతా జనుము చల్లించింది. జనుము నడుమెత్తు పెరిగి పూతకొచ్చాక, దాన్ని కోసుకోకుండా అక్కడికక్కడే దున్ని మట్టిలో కలిపెయ్యమంది. చేతికందిన పచ్చదనాన్ని మట్టిపాలు చెయ్యడానికి మణిధరుడి ప్రాణం ఒప్పలేదు. అయినా చేశాడు. మాగిన ఎరువు పరిచి, కుండలోని వానపాముల్ని చేనులో వదిలాడు. ఈలోగా అతని ఒంటి గడ్డి మోకాళ్ళకి ఎక్కింది.

వాన పడింది. మణిధరుడు మళ్ళీ నాగలి కోసం పరిగెత్తాడు.

"ఆగు దొరా. గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించు."

బిగించాడు. ముద్దయింది. వేలితో పొడిస్తే వేలికి అంటుకుంది.

"ఇంకా పదును రాలేదు, ఇది దున్నే తడి కాదు. రేపు చూడు."

"రేపటికి గడ్డి తొడలకెక్కుతుంది!" అని మణిధరుడు కసిరాడు.

"మీ పెద్దన్నయ్య కూడా ఆగలేదు" అంది ఎద్దు. మణిధరుడు పెద్దన్నయ్య బొమ్మ వంక చూసి, చేతిలో మట్టి కింద పడేశాడు. మర్నాడు ముద్ద వేలు తగలగానే పొడిపొడిగా విడిపోయింది. అప్పుడు వాలుకి అడ్డంగా, వాన నీరు జారిపోకుండా సాళ్ళు తోలారు. గడ్డి కాళ్ళతో తూలుతూ, మణిధరుడు ఎద్దు తోక పట్టుకుని నడిచాడు.

విత్తే వేళకి మూడోసారి "ఆగు దొరా" అంది ఎద్దు. విత్తనాలు ఉప్పునీళ్ళలో పోయించింది. తేలినవి తాలు, పారబోయమంది. మునిగినవి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి, వేలి కణుపులు రెండు మునిగేంత లోతులో, మొక్కకీ మొక్కకీ మధ్య జానెడు ఎడం ఉంచి నాటమంది. అంతంత ఎడం చూసి మణిధరుడికి సగం చేను ఖాళీగా వదిలేసినట్టు దిగులేసింది. ఈసారి నడిపి అన్నయ్య బొమ్మ వంక చూశాడు.

మొలకలు లేచాయి. ఆ చేనులో ఎన్నో ఏళ్ళకి పచ్చదనం కనపడింది. బురుజు మీద ధూళికేతుడి నవ్వు ఆగిపోయింది. చేనులో కాలు పెట్టనని ఒట్టేశాడు గానీ, గాలి ఊదనని అన్నాడా? బుగ్గలు పూరించి ఊదాడు. దుమ్ము లేచి మొలకలన్నిటినీ పూడ్చేసింది. మణిధరుడు నెత్తి కొట్టుకుని, మళ్ళీ మొదటినించి విత్తాడు. గడ్డి నడుము దాటింది.

ఈసారి మొక్కలు మోకాలెత్తు కాగానే మాంత్రికుడు పురుగుల్ని ఊదాడు. మొక్కల నడిమి లేత మొవ్వులు తొలిచే పురుగులు చేనంతా పాకాయి. గోరింక గట్టిగా అరిచింది. ఎక్కడెక్కడి గోరింకలో వచ్చి వాలి, మొవ్వుల్లో ముక్కు పెట్టి పురుగుల్ని ఏరి తిన్నాయి. చేను బతికింది. కానీ తొలిచిన మొక్కలు తేరుకోడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా కలుపు కమ్ముకుంది. మణిధరుడు వంగలేడు, నడుము గడ్డి కదా.

కోటలోంచి రోజూ అంబలి తెచ్చే చిత్రవల్లి చెంబు కింద పెట్టి, కొంగు బిగించింది. "కలుపు నేను తీస్తాను బావా. నువ్వు ఏది మొక్కో ఏది కలుపో చెప్పు చాలు."

"నీకెందుకు వల్లీ, చేతులు బొబ్బలెక్కుతాయి."

"వాడి కోటలో కూర్చుంటే నా చేతులు పదిలంగానే ఉంటాయిలే. మిగతాదే ఉండదు" అంది చిత్రవల్లి, కలుపు పీకుతూ.

కంకులు తొంగిచూశాయి. గింజ పాలు పట్టింది. కానీ గింజ గట్టిపడి పండాలంటే ఇంకా చాలా రోజులు కావాలి. ఏడాది మర్నాటితో సరి. మణిధరుడి కాళ్ళు గడ్డి, ఒళ్ళు గడ్డి, ఎడమచెయ్యి గడ్డి. మనిషిగా మిగిలింది తలా, కుడిచెయ్యీ. ఎద్దూ చిత్రవల్లీ కలిసి అతన్ని చేను మధ్య కర్రకి ఆనించి నిలబెట్టారు.

"ఓడిపోయాను వల్లీ" అన్నాడు. అన్నయ్యల్ని చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

చిత్రవల్లి దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పింది. "పండక్కర్లేదు బావా, పాలు పట్టింది చాలు. ధూళికేతుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. మేడ మీద వజ్రాల పంజరంలో ఉంటుంది. దానికి రోజూ ముత్యాలు పెట్టేది నేనే. తలుపు గడియ ఎప్పుడూ వెయ్యలేదు వాడు, ఎగిరిపోయినా ఈ దీవిలో తినడానికి ఏమీ లేదని ధీమా. అది నన్ను రోజూ అడుగుతుంది, పాలజొన్న ఎలా ఉంటుందమ్మా అని. ఇవాళ ఒక కంకి తీసుకెళ్ళి వాసన చూపిస్తాను."

మర్నాడు పొద్దెక్కేసరికి ఆకాశం పచ్చబడింది. ఏ దీవులనించో పాలజొన్న వాసన పట్టి వందల చిలకలు వచ్చాయి. చేను మీద వాలి, కంకులు పటపటా కొరికి పారేస్తున్నాయి. తినేది కొంచెం, పాడుచేసేది బోలెడు. ఏడాది పాటు తన కాళ్ళూ చేతులూ ధారపోసి పెంచిన చేను కళ్ళముందే నాశనమవుతుంటే, హో అని అరవాలని మణిధరుడి గొంతులోకి కేక తన్నుకొచ్చింది. పళ్ళు బిగపట్టుకున్నాడు. అరిస్తే ఆ చిలక కూడా పోతుంది. కానీ ఇన్నిటిలో అది ఏది? అన్నీ పచ్చవే, అన్నిటివీ ఎర్రముక్కులే. గడ్డి అతని మెడ చుట్టూ బిగుసుకుంటోంది. కుడి భుజం గడ్డయింది. మోచెయ్యి గడ్డయింది.

అంతలో ఖాళీ పంజరం చూసుకుని ధూళికేతుడు గావుకేకలు పెడుతూ గట్టు మీదికి పరిగెత్తుకొచ్చాడు. చేనులో దిగితే తన ఒట్టు తననే చంపుతుంది. అందుకని గట్టు మీదే గంతులేస్తూ, "హోయ్! హోయ్! పోండి!" అని దీవి దద్దరిల్లేలా అరిచాడు.

ఒక్కసారిగా చిలకలన్నీ గుప్పున లేచిపోయాయి.

ఒక్కటి లేవలేదు. పుట్టిన దగ్గర్నించీ ఆ గొంతు వింటూ పెరిగిన చిలక అది, దానికి ఆ కేకలంటే భయమేముంది? తీరిగ్గా కంకి ఒలుచుకుంటోంది. అది తెగిపడిపోతే, ఇంకో కంకి అందుకోడానికి పక్కనున్న గడ్డిబొమ్మ కుడిచేతి మీద వాలింది. ఆ బొమ్మ మణిధరుడు. మాంత్రికుడి శాపం అతన్ని అంత బాగా గడ్డిబొమ్మని చేసింది మరి.

మణిధరుడి మణికట్టు దాకా గడ్డి వచ్చింది. ఊపిరి బిగపట్టాడు. చిలక కంకి కోసం వంగింది. మిగిలిన ఆ అయిదు వేళ్ళూ చటుక్కున మూసుకున్నాయి.

ధూళికేతుడు గట్టు మీద కూలబడి గొంతు పట్టుకున్నాడు. "వద్దు! నన్ను చంపితే నీ అన్నలు ఎప్పటికీ బొమ్మలే!"

"వాళ్ళని విడిపించు. వల్లినీ నన్నూ విడిచిపెట్టు. చిలకని చంపను. మాట ఇస్తున్నాను" అన్నాడు మణిధరుడు, గడ్డి అడ్డంపడిన గొంతుతో.

ధూళికేతుడు వణుకుతూ చప్పట్లు కొట్టాడు. గడ్డి రాలిపోయింది. రణభీముడూ దానశీలుడూ తూలుకుంటూ వచ్చి తమ్ముణ్ణి కావలించుకుని భోరుమన్నారు. చిత్రవల్లి ఒక పక్క నవ్వుతూ ఒక పక్క ఏడ్చింది.

"ఇక నా చిలకని నాకియ్యి" అన్నాడు ధూళికేతుడు.

మణిధరుడి గుప్పిట్లో చిలక గింజుకుంది. "నన్ను పంజరంలో పెట్టనియ్యకయ్యా. ముత్యాలు కొరికి కొరికి ముక్కు అరిగిపోయింది."

"చంపనన్నాను గానీ, నీకిస్తానని అనలేదే?" అంటూ మణిధరుడు గుప్పిట విప్పాడు. చిలక ఎగిరి గుంపులో కలిసిపోయింది. ధూళికేతుడు తలెత్తి ఆ చిలక వంక, ఈ చిలక వంక, ఇంకో చిలక వంక వెర్రిచూపులు చూశాడు. ఏది తన ప్రాణమో వాడికే తెలియలేదు.

"విను ధూళికేతా" అన్నాడు మణిధరుడు. "ఇకమీదట చేలు ఎండితే చిలకలు పస్తుంటాయి. పస్తుంటే నీ సంగతి నువ్వే చూసుకో. మా రాజ్యంలో చిలక మీద ఒడిసెల రాయి వెయ్యకూడదని నేను చాటింపు వేయిస్తాను. నేను బతికున్నంత కాలం ఆ మాట చెల్లుతుంది. నా తర్వాత వచ్చేవాడు ఏమంటాడో నాకు తెలీదు."

అందరూ ఇల్లు చేరారు. అన్నలిద్దరూ "రాజ్యం నీదేరా" అన్నారు. చిత్రవల్లిని ఎవరు చేసుకోవాలో చిత్రవల్లినే అడిగారు. ఆమె జుట్టుకింకా గడ్డి అంటుకునున్న మణిధరుణ్ణి చూపించింది. పెళ్ళి ఆర్భాటంగా జరిగింది. ఏరువాకకి ముహూర్తాలు పోయి, రాజు పిడికెడు మట్టి పట్టుకుని చూసి సరే అన్నాకే నాగళ్ళు కదిలే ఆచారం వచ్చింది.

మణిధరుడు ఏళ్ళ తరబడి రాజ్యం చేశాడు. అతనికి తలనొప్పొచ్చినా, తుమ్మొచ్చినా, ఏడు సముద్రాల అవతల ధూళికేతుడికి చెమటలు పట్టేవి. మబ్బు పట్టకపోతే నిద్రపోయేవాడు కాదు. పొద్దున లేవగానే సూర్యుడికి దణ్ణం పెట్టి, "స్వామీ, వానలు కురిపించు. ఆ రాజుని నూరేళ్ళు చల్లగా చూడు" అని మనసారా మొక్కుకునేవాడు. రాజ్యంలో ఎవరూ ఆ రాజు కోసం అంత గట్టిగా మొక్కుకుని ఉండరు.