వాగు ఒళ్ళు విరుచుకునే చోటు

అనగనగా ఒక అడవిలో, కొండ దిగువన పారే వాగు దగ్గర, వీరాయి అనే ఏదుపంది ఉండేది. ఆ ఏడు ఎండాకాలంలో కొండచరియ విరిగిపడి దాని బొరియ కూలిపోయింది. మొగుడి కాలు రాయి కింద నలిగింది. పైగా వీరాయికి నెలలు నిండుతున్నాయి. పాపం, తలదాచుకునే చోటు కోసం తిరగని తావు లేదు.

తిరిగి తిరిగి వాగు పక్కన ఒక పల్లం చూసింది. మెత్తటి ఒండ్రునేల. గోరు పెడితే చాలు, మన్ను వెన్నలా వస్తోంది. చుట్టూ దుంపలే దుంపలు.

"ఇదేనయ్యా మన ఇల్లు!" అంది మొగుడితో.

అయితే పిల్లలూ, ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. వాగు ఎంతవరకు పొంగుతుందో చూసి, అంతవరకు ఏనుగు పెద్దమ్మ చెట్లకు ఎర్రమట్టి గీతలు పెట్టింది. గీత దిగువన ఎవరైనా మేయొచ్చు, ఆడుకోవచ్చు. ఇల్లు మాత్రం కట్టకూడదు. ఆ పల్లమేమో గీతకు దిగువనే ఉంది.

వీరాయి ఏనుగు దగ్గరికి వెళ్ళింది. "పెద్దమ్మా, నా ఒక్కదానికి ఒప్పుకో. పిల్లలు పుట్టే వేళకు గూడు లేకపోతే ఎలా?"

"నీ కష్టం నాకు తెలియదా తల్లీ! కానీ అది వాగు ఒళ్ళు విరుచుకునే చోటు. వానలు ముదిరితే అక్కడికి వస్తుంది. పైన గట్టు మీద కట్టుకో."

"గట్టంతా రాయే. ఈ ఒంటితో తవ్వగలనా? పల్లంలో మన్ను పోసి ఎత్తు చేసుకుంటాలే."

"నువ్వు ఎత్తు చేస్తే నీళ్ళు మాయమవుతాయా? ఇంకెవరింటికో పోతాయి," అంది ఏనుగు.

వీరాయికి ఏడుపొచ్చింది. 'కడుపుతో ఉన్నదాని బాధ ఎవరికి పట్టింది!' అనుకుంటూ వచ్చేసింది. ఇక ఎవరినీ అడగలేదు. మన్ను తవ్వి పోసింది, తొక్కింది, మళ్ళీ పోసింది. గట్టు అంచు నుంచి వాగు దాకా పల్లానికి అడ్డంగా పెద్ద దిబ్బ లేచింది. దాని మీద చక్కటి ఇల్లు కట్టింది.

పక్కనే, గీతకు ఎగువన, గంగులు అనే పందికొక్కు పెళ్ళాం పిల్లలతో ఉంటున్నాడు. గంగులు దిబ్బను చూసి నసిగాడు. "అక్కా, వాగు పొంగితే ఇటే కదా పోయేది. దారి మూసేశావే?"

"నీ ఇల్లు గీత పైన ఉంది తమ్ముడూ. నా ఇల్లు దిబ్బ మీద ఉంది. మనిద్దరికీ భయమేముంది?" అంది వీరాయి.

గంగులు వాగు వంక చూసుకుంటూ తన బొరియకు వెళ్ళిపోయాడు.

తొలకరి పడింది. వీరాయికి ముద్దులొలికే కవలలు పుట్టారు. తర్వాత పెద్ద వాన కురిసింది. నీళ్ళు దిబ్బ కాళ్ళు తడిపి వెళ్ళాయి. "చూశావా? పెద్దమ్మది ఉత్త భయం," అంది మొగుడితో.

ఆ తర్వాత ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం వాగు ఎర్రగా, హోరుమంటూ వచ్చింది. దిబ్బ కదల్లేదు. ఇల్లు చెక్కు చెదరలేదు. పిల్లలు పొడిగా, వెచ్చగా నిద్రపోతున్నారు. వీరాయి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

అంతలో కేకలు వినిపించాయి.

"అక్కా! వీరాయక్కా! నీళ్ళు మా ఇంట్లోకి వస్తున్నాయి! పిల్లలు లోపలే ఉన్నారు!"

వీరాయి బయటికి వచ్చి చూసింది. దారి దొరకని వాగు దిబ్బకు కొట్టుకుని, వెనక్కి మళ్ళి, గీత దాటి గంగులు బొరియలోకి దూకుతోంది. ఎన్నడూ నీళ్ళు ఎక్కని చోటు అది. గంగులూ పెళ్ళామూ వాకిట్లో మన్ను అడ్డం వేస్తుంటే, వేసింది వేసినట్టే కొట్టుకుపోతోంది.

వీరాయి తన ఇంటి వంక చూసుకుంది. ఒక్క క్షణమే.

"ఏమయ్యా, పిల్లల్ని తీసుకుని గట్టెక్కు!" అని అరిచింది.

"మరి నువ్వు?"

"దిబ్బ తెగ్గొట్టాలి. వెళ్ళు!"

ఏ గోళ్ళతో పోసిందో ఆ గోళ్ళతోనే తవ్వింది. సన్నటి పాయ పారింది. పాయ పెద్దదైంది. ఇక మిగతా పని వాగే చేసుకుంది. దిబ్బ భళ్ళున తెగి, ఇల్లు ముద్దగా జారిపోయింది. వీరాయి ఒక వేరు పట్టుకుని ఎలాగో గట్టు చేరింది. గంగులు వాకిట్లో నీళ్ళు తగ్గాయి. పిల్లలు దగ్గుతూ, తుమ్ముతూ, బురదతో బయటికి వచ్చారు.

వాన వెలిశాక ఏనుగు పెద్దమ్మ వచ్చింది. వీరాయి తలెత్తలేదు. "నాదే తప్పు పెద్దమ్మా."

"నాదీ ఉంది తల్లీ," అంది ఏనుగు. "గీత గీసి, కాదని చెప్పి ఊరుకున్నాను. నిండు చూలాలివి, రాళ్ళు ఎలా తవ్వుతావని ఆలోచించలేదు."

గంగులు మాత్రం పిల్లల్ని పొదువుకుని దూరంగానే కూర్చున్నాడు. అతని భయం ఇంకా తీరలేదు మరి. వీరాయి బతిమాలలేదు. ముందు అతని ఇంట్లో బురద ఎత్తిపోసింది. తర్వాత దిబ్బలో మిగిలిన మన్నంతా తవ్వి, పల్లాన్ని మళ్ళీ పల్లం చేసింది. అప్పుడు గట్టెక్కి రాయి గీకడం మొదలుపెట్టింది. గోళ్ళు అరిగి రక్తం వచ్చింది.

వెనక నుంచి గంగులు గొంతు వినిపించింది. "తప్పుకో అక్కా. నీ గోళ్ళు అరిగిపోయాయి. నా పళ్ళు ఇంకా ఉన్నాయిగా!"

వీరాయి నవ్వబోయి ఏడ్చేసింది. తప్పుకుని, అతనికి చోటిచ్చింది.

నీతి: మన వాకిట్లోంచి తోసేసిన ఆపద పొరుగువాడి వాకిట్లో తేలుతుంది, ఇల్లు కట్టుకునే ముందు నీళ్ళు ఎటు పోతాయో చూసుకోవాలి.