నూకరత్నం ఎర్రాకు కంచె

అనగనగా కొండ మలుపులో ఒక ఊరు. ఆ ఊళ్ళో బస్సులు ఆగే చోట నూకరత్నం అనే ఆవిడ ఇడ్లీ కొట్టు నడిపేది. కొట్టు చుట్టూ కంచెలాగా ఎర్రాకు పొదలు పెంచింది. ఏడాదంతా పచ్చగానే ఉండేవి. కార్తీకంలో చలి మొదలైందా, కొమ్మల చివరి ఆకులన్నీ కుంకుమ పోసినట్టు ఎర్రబడేవి. బస్సు దిగినవాళ్ళు ముందు వాటిని చూసేవాళ్ళు, ఆ తర్వాతే ఇడ్లీ తినేవాళ్ళు.

అప్పుడు పక్క స్థలంలో గౌరునాయుడు లాడ్జి కట్టాడు. గోడ మీద పేద్ద లైటు పెట్టాడు. పొద్దుగూకగానే వేస్తే తెల్లారేదాకా ఆర్పడు. వెలుగంతా నూకరత్నం కంచె మీదే!

ఆ ఏడు కార్తీకం వచ్చింది. పొదలు మాత్రం ఎర్రబడలేదు.

నూకరత్నం ఎరువు వేసింది. ఆకులు ఇంకా పచ్చగా, ఏపుగా పెరిగాయి, అంతే. ఆ తర్వాత నీళ్ళు తగ్గించింది. ఆకులు వాడాయి, రంగు రాలేదు.

అప్పుడు గౌరునాయుడు ఏమన్నాడో తెలుసా తల్లీ? "నీ కంచె పనైపోయింది నూకరత్నం. పీకించెయ్. మా లాడ్జి కార్లు పెట్టుకుంటాం."

ఎంత పొగరో చూడు!

నూకరత్నం ఏడుస్తూ పొదల చుట్టూ తిరిగింది. కొట్టు గోడ చాటున, లైటు పడని చోట ఒకే ఒక్క పొద ఉంది. అది నిప్పులా ఎర్రగా ఉంది! అప్పుడు తెలిసింది ఆవిడకి. రాత్రి చీకటిగా ఉంటేనే ఆ మొక్కకు రంగు.

వెంటనే వెళ్ళి అడిగింది. "బాబూ, చలికాలం పోయేదాకా ఆ లైటు అటు తిప్పండి. నా మొక్కలకు చీకటి కావాలి."

"మొక్కలకు నిద్ర కూడానా!" అని పకపకా నవ్వాడు.

ఒళ్ళు మండదూ మరి? నూకరత్నం కంచె పొడుగునా వెదురు కర్రలు పాతింది. సాయంత్రం కాగానే వాటి మీద పాత బొంతలు కప్పేది. పొద్దున్నే ఎండ తగలాలని తీసేసేది. తను కప్పుకునే బొంత కూడా వాటికే ఇచ్చి, చలికి వణుకుతూ పడుకుంది పాపం.

ఆ తర్వాత పుష్యమాసంలో కంచె మొత్తం ఎర్రబడింది. లాడ్జిలోవాళ్ళంతా బయటికొచ్చి ఫొటోలు తీసుకున్నారు. అప్పుడా గౌరునాయుడు మీసం దువ్వి, "మా తోటేనండీ, నేనే పెంచాను" అన్నాడు!

నూకరత్నం గరిటె పట్టుకునే వచ్చేసింది. "నువ్వు పెంచావా? ఏ పొద మీద ఏ బొంత కప్పావో చెప్పవయ్యా! పీకించమన్నది ఎవరో కూడా చెప్పు!"

అందరూ అతనివైపే చూశారు. గిర్రున తిరిగి లోపలికి పోయాడు. ఆ సాయంత్రం లైటు వెలగలేదు, మర్నాడూ వెలగలేదు.

తప్పయిందన్నాడా అంటావా? అనలేదమ్మా. ఆ ఒక్క మాటా అనలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ మంటే. నువ్వు పడుకో.

కథేమో కంచి దారి పట్టె,
కంటికేమో నిద్దర పట్టె.
దీపమేమో కొండెక్కె,
బంగారుతల్లి పక్కెక్కె.