తొమ్మిది రాళ్ళు తక్కువైన అరుగు

ముప్పై ఊళ్ళకు నీళ్ళిచ్చే కాలువ గట్టున మద్దయ్య అనే నాపరాళ్ళ మేస్త్రీ ఉండేవాడు. చేతిపనిలో దిట్ట, లెక్కల్లో ఇంకా దిట్ట, కానీ ఏ లెక్కనైనా సగం దాకా చేసి తేల్చిపారేసేవాడు.

నీళ్ళ పంపకం గురించి మాట్లాడుకోవడానికి ఆ ఊళ్ళవాళ్ళు ఒక పెద్ద అరుగు వేయించుకోదలచారు. ఇంటికొక రాయి తెచ్చివ్వాలి, సభ రోజున ఎవరి రాయి మీద వాళ్ళు కూర్చోవాలి. రాయి లేని ఇంటికి మాట లేదు. అరుగు నాలుగు మూలలతో, సమాన వరసలతో ఉండాలి, రాయి పగలగొట్టకూడదు, మూల బోసిపోకూడదు. అదీ కట్టుబాటు.

అన్నీ ఒకే కొలత రాళ్ళు. ఎంచితే తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఒకటి తేలాయి. మద్దయ్య వరసకు వంద చొప్పున వంద వరసలు పేర్చబోయాడు. తొమ్మిది తక్కువయ్యాయి. ఆ వెలితి ఒక్క చోటే ఉండేలా చివరి మూడు వరసల్లో తొంభై ఏడేసి రాళ్ళే పెట్టాడు. అయినా మూల బోసిగానే ఉంది.

బొగ్గు తీసుకుని ఆ సంఖ్యను రెండుతో భాగించాడు, మూడుతో, ఏడుతో, పదకొండుతో భాగించాడు. ముప్పై ఒకటి దాకా వచ్చినా ప్రతిసారీ శేషమే. విసుగొచ్చి బొగ్గు పారేశాడు.

"ఇది మొండి సంఖ్య. సమాన వరసలకు లొంగదు. తొంభై తొమ్మిది వరసలు వేసి, మిగిలిన తొంభై ఒక్క రాళ్ళు పక్కన పెడదాం" అన్నాడు.

ఆ తొంభై ఒకటీ ఆఖరున వచ్చిన కొసపల్లె రాళ్ళు. కాలువ చివరనున్న ఊరు, నీళ్ళు అందరికన్నా ఆలస్యంగా అందే ఊరు. ఆ ఊరిపెద్ద ఓబన్న కూడా వేరే దారి తోచక సరేనన్నాడు. రాళ్ళు మోస్తున్న ఈరమ్మది కొసపల్లే. ఇక తమ ఊరి తరఫున అడిగే నోరే ఉండదు.

ఆమెకు భాగహారం రాదు. అరుగు చుట్టూ ఒకసారి తిరిగి, పక్క అంచు వెంట వేలు చూపిస్తూ వరసలు లెక్కపెట్టుకుంది.

"అన్నా, కురచగా ఉండే ఆ మూడు వరసలూ తీసి, ఈ పక్కన నిలువుగా పెట్టి చూడు. వాటిలో తొంభై ఏడేసి రాళ్ళే గదా. నిండు వరసలు గూడా తొంభై ఏడే ఉండాయి."

మద్దయ్య మొహం చిట్లించుకున్నాడు. అయినా ఓబన్న చూస్తున్నాడని మూడు వరసలూ తీయించి పక్కన పెట్టించాడు. ఆఖరి రాయి చక్కగా మూలకు కుదిరింది. తొంభై ఏడు వరసలు, వరసకు నూట మూడు రాళ్ళు. ఒక్కటీ మిగల్లేదు, ఎక్కడా వెలితి లేదు.

మద్దయ్య బొగ్గు వెతుక్కుని తొంభై ఏడుతో భాగించాడు. శేషం సున్న. సిగ్గుతో తల దించుకున్నాడు.

"ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయి, నేరం సంఖ్య మీద వేశానమ్మా" అన్నాడు.

ఆ ఏటి సభలో ఈరమ్మ తన రాయి మీద కూర్చుని కొసపల్లెకు నీళ్ళడిగింది. సభ ఒప్పుకుంది. అందరికన్నా ముందు తలూపింది మద్దయ్యే.

నీతి: చివరిదాకా చూడకుండా ఏదీ కాదని తేల్చకూడదు. మనం సగంలో ఆగితే నష్టపోయేది వేరొకరైనప్పుడు అసలే తేల్చకూడదు.