ఏడు ఊళ్ళ ఉప్పు

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యముండేది. దాన్ని నరవర్మ ఏలేవాడు. తనంత తెలివైనవాడు లేడని ఆయనకు గట్టి నమ్మకం.

ఆ రాజ్యానికి ఏడు ఊళ్ళ మళ్ళలో ఉప్పు పండేది. ఒకనాడు సోమగుప్తుడనే వర్తకుడు వచ్చి, "ఉప్పు వ్యాపారమంతా నాకొక్కడికే ఇప్పించండి. ఆరు ఊళ్ళ మళ్ళు మూసి, ఒక్కచోటే పండించి, సగం ధరకే అమ్ముతాను" అన్నాడు.

రాజు పొంగిపోయి సరేనన్నాడు. ఆస్థానంలో బయ్యన అనే చమత్కారి మాత్రం ముఖం చిట్లించాడు.

"అడక్కుండా ధర తగ్గించాడంటే నాకు భయంగా ఉంది ప్రభూ."

"నీకు అన్నం పెట్టినా అనుమానమే!" అన్నాడు రాజు.

అనుమానం మంచిదే. వైశాఖంలో అకాల వర్షం పడి ఆ ఒక్కచోటి ఉప్పంతా కరిగిపోయింది. రాజ్యంలో చిటికెడు ఉప్పు లేదు. జాలరుల చేపలు ఉప్పు పట్టించి ఎండబెట్టే దిక్కులేక గుట్టలుగా కుళ్ళాయి. వాళ్ళ పిల్లలు పస్తులున్నారు.

"సోమగుప్తుడు తెప్పిస్తానన్నాడుగా!" అని రాజు వాళ్ళ మొర కొట్టిపారేశాడు. కోట కొట్లో ఉప్పు నిండుగా ఉంది మరి, ఆయనకేం?

బయ్యనకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం చేతులు కట్టుకుని, "ప్రభూ, తమ తెలివి నాకిప్పుడు అర్థమైంది. కోటకు ఏడు ద్వారాలు, ఏడుచోట్ల కాపలా ఎందుకు? ఆరింటికి అడ్డంగా రాళ్ళు పేర్పిస్తాను" అన్నాడు.

"భేష్! ఇన్నాళ్ళకు దారికొచ్చావు."

ఏకాదశినాడు రాజు ఉపవాసమున్నాడు. ద్వాదశి పొద్దున్నే సముద్రస్నానం చేసి, ఘడియలు దాటకుండా భోంచేయాలని ఆకలితో పరుగున వచ్చాడు. తెరిచి ఉన్న ఒక్క ద్వారంలో పట్టపుటేనుగు అడ్డంగా నిలబడి, బండెడు చెరుకు తాపీగా నములుతోంది.

మేస్తున్న పట్టపుటేనుగును అదిలించరాదని ఆ వంశంలో ఆనవాయితీ.

"ఇంకో ద్వారం తెరవండి!" అని అరిచాడు రాజు.

"రాళ్ళు తీసేసరికి సాయంత్రమవుతుంది ప్రభూ" అన్నాడు బయ్యన.

రాజు అనుమానంగా చూశాడు. "ఈ చెరుకు ఇక్కడెవరు వేశారు?"

"నేనే. నేను కాకపోతే వానో, దొంగో, ఇంకేదో అడ్డుపడేది. దారి ఒక్కటే అయ్యాక అడ్డుపడటానికి ఒక్కటి చాలు. తమకు ఒక్కపూట ఆలస్యానికే కళ్ళు తిరుగుతున్నాయి. జాలరిపేటలో నెల్లాళ్ళుగా ఇదే ఆకలి ప్రభూ."

రాజు తల దించుకున్నాడు. అంతమందిలో సిగ్గుపడటం ఆయనకదే మొదలు.

"కోట ఉప్పు జాలరులకు పంచండి. ఆరు ఊళ్ళ మళ్ళు ఎవరివి వాళ్ళకిచ్చేయండి. ఇక ఈ ఏనుగు సంగతి చూడు!"

బయ్యన సైగ చేయగానే మావటివాడు అరటిగెల చూపిస్తూ నడిచాడు. ఏనుగు చెరుకు వదిలి వెంటబడింది. అదిలించవద్దన్నారు గాని, అరటిపండు చూపించవద్దని ఎవరూ అనలేదు.

ఆ వారంలోనే సోమగుప్తుడి గాదెల్లో బస్తాలకొద్దీ ఉప్పు బయటపడిందని చెప్పుకున్నారు. నేను చూడలేదు గాని, నమ్ముతాను.

భోజనమయ్యాక రాజు బయ్యనకు పట్టుశాలువా కప్పి, "ఇకనుంచి ఏడు ఊళ్ళ ఉప్పు మీదా నీదే పెత్తనం!" అన్నాడు.

బయ్యన శాలువా ఉంచుకుని దణ్ణం పెట్టాడు.

"మళ్ళీ ఒక్కడికేనా ప్రభూ? నన్ను మాత్రం ఎందుకు నమ్మాలి?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.