కుదురుబండ దగ్గర ఉప్పు ప్రసాదం

"బండి దిగబడిపోయిందర్రోయ్! ఎద్దు పోతందర్రోయ్, ఎవరన్నా రండర్రోయ్!"

పూర్వం, నీలికొండకు బండిబాట అంటూ ఒకటి ఏర్పడిన తొలినాళ్ళలో, ఒక శ్రావణమాసపు ఉదయాన కొండదిగువ వీధి ఈ చివరినుంచి ఆ చివరికి వినిపించిన కేక ఇది. కేక వేసినవాడు అప్పలసూరి, సముద్రపు ఒడ్డునుంచి కొండమీది గూడేలకు ఉప్పు తోలుకుపోయే బండివాడు. కేక విని ముందుగా ఆగిన పాదాలు సన్నెమ్మ అనే ఇల్లాలివి. ఈ స్థలానికి పేరూ, మహిమా, ఇక్కడి ప్రసాదానికి ఆ రుచీ ఆ ఆగిన పాదాల దగ్గరే మొదలయ్యాయి.

నీలికొండ శిఖరాన స్వయంభువుగా వెలసిన శ్రీ వీరేశ్వరస్వామికి కుండమొక్కు అత్యంత ప్రీతికరమని ఆ చుట్టుపక్కల వారి విశ్వాసం. ఆపద గట్టెక్కిన ఇంటి ఆడది స్నానమాడి, కొత్త కుండలో ఉప్పు వేయని పులగం వండి, మూతికి అరిటాకు బిగించి కట్టి, నెత్తిమీద గడ్డికుదురు పెట్టుకుని, దానిమీద కుండ నిలిపి కొండెక్కాలి. గడప దాటిన కుండను స్వామి సన్నిధిలో తప్ప నేలకు దించరాదు, ఇంకొకరి చేతికి ఇవ్వనూ రాదు. దించితే, ఏ ఆపద తప్పిందని మొక్కు చెల్లిస్తున్నారో ఆ ఆపదే తిరిగి గుమ్మంలోకి వస్తుందని పెద్దల కట్టడి.

సన్నెమ్మ ఆపద ఆమె వెనకాలే చేతికర్రతో నడుస్తోంది. అదే ఆమె పెనిమిటి పారినాయుడు. విషజ్వరంతో మంచానికి అతుక్కుపోయిన మనిషి, స్వామి దయవల్ల లేచి నడుస్తున్నాడు గానీ, పాపం, ఆకలి మాత్రం జ్వరంతోపాటే పోయింది. సన్నెమ్మ ముఖం చూసి రెండు ముద్దలు మింగేవాడు, ఆమె అటు తిరగ్గానే కంచం పక్కకు జరిపేవాడు. ఆ సంగతి ఆమెకు తెలియదా ఏమిటి? తెలిసీ తెలియనట్టే ఉండేది.

ఇక ఆ బాట సంగతి. వీధి దాటి కొండపాదం చేరేదాకా అంతా ఎర్రటి జిగురుమట్టి. వానాకాలంలో చెప్పులతో దిగినవాడు చెప్పులు లేకుండా, చెప్పులు లేకుండా దిగినవాడు ఓపిక లేకుండా అవతల తేలేవాడు. ఆ బురదకు అడుగు ఎక్కడుందో చూసినవాడు లేడు. అందులో అప్పలసూరి బండి ఇరుసుదాకా కూరుకుపోయింది. పలుపు కోసి ఒక ఎద్దును ఎలాగో గట్టెక్కించాడు గానీ, రెండోది పొట్టదాకా దిగిపోయి, గింజుకున్నకొద్దీ ఇంకా దిగిపోతూ, మెడ మాత్రం పైకెత్తి చూస్తోంది.

ఊళ్ళో కండగల మగవాళ్ళంతా స్వామి జాతరకు పందిళ్ళు వేయడానికి చీకటితోనే కొండెక్కారు. మిగిలినవారు ముసలివాళ్ళు, లేదా నెత్తిన కుండలున్న ఆడవాళ్ళు. అయ్యో పాపం అంటూనే, ఆ ఆడవాళ్ళు గట్టు అంచున ఒకరి వెనక ఒకరు తప్పుకుపోతున్నారు. సన్నెమ్మ ఒక్కతే మోకాలిలోతు బురదలో నిలబడిపోయింది.

"ఏటే సన్నీ, ఆగిపోయావు? నడు, నడు! ఎద్దుకోసం మొగుణ్ణి పోగొట్టుకుంటావేటి?" అని కసిరింది కుండల వరుసకు పెద్దదైన గౌరమ్మ.

"బండి పోతే పోనీ తల్లీ, ఉప్పు కరిగితే కరగనీ, ఈడు నా పెరట్లో పుట్టిన దూడ!" అని అప్పలసూరి ఏడ్చాడు.

సన్నెమ్మ వెనక్కి తిరిగి పెనిమిటి ముఖం చూసింది.

"నాకేసి సూత్తావేటే? ఆ ఎద్దు కళ్ళు సూడు," అన్నాడు పారినాయుడు. "మంచమ్మీదనుంచి నీకేసి నేనూ అలాగే సూసేవోణ్ణి. దించెయ్."

దించింది. ఎక్కడ దించుతుంది? నిలబడ్డచోటే, కుదురుతో సహా, బురదలోనే. చూస్తుండగానే కుండ మెడదాకా మునిగి, మూతి మునిగి, మాయమైపోయింది. "స్వామీ, తప్పు నాది, ఆయనది కాదు," అని ఒక్క దండం పెట్టి, పైట నడుముకు బిగించి ఎద్దువైపు నడిచింది.

"దీని తెగువ తగలెయ్య! నన్నూ పాపంలోకి లాగిందే!" అంటూ గౌరమ్మ తన కుండ గట్టుమీద పెట్టి దూకింది. ఆ వెనక వరుసంతా కుండలు దించింది. వావిలికొమ్మలు విరిచి ఎద్దు డొక్కలకింద తోశారు, పొట్టకింద మోకు దూర్చారు, పారినాయుడు కూడా కర్ర పారేసి మోకు చివర పట్టుకున్నాడు. "వీరేశా!" అని అంతా కలిసి లాగితే, ఎద్దు బురద కక్కుతూ గట్టుమీద పడింది. పడి, లేచి, అప్పలసూరి ముఖం నాకింది.

అందరూ నవ్వుతుండగా పారినాయుడు బురదలోనే కూలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. గౌరమ్మ గుండెలు బాదుకుంది. సన్నెమ్మ పరుగున వెళ్ళి అతని తల ఒళ్ళో పెట్టుకుంది.

అతను మెల్లగా కళ్ళు తెరిచాడు. "ఒలే సన్నీ, ఆకలేత్తందే," అన్నాడు. "ఏటున్నా పెట్టేయ్."

ఎన్నాళ్ళకు విన్న మాట! ఆమె ఏడుస్తూనే కుండ మునిగినచోటికి వెళ్ళి, భుజందాకా చెయ్యి పోనిచ్చింది. కుండ ఒరగనైనా ఒరగకుండా, అరిటాకు కట్టు చెదరకుండా, లోపలి పులగం వేడి తగ్గకుండా నిటారుగా నిలిచివుంది. దానికింద ఒక బండ, అచ్చంగా మనిషి వంగితే వీపు ఎలా ఉంటుందో అలాగే. బండ్లు రాకముందునుంచీ తరతరాలుగా తొక్కిన బాటలో ఎవరి కాలికీ తగలని బండ అది!

"మనం కుండ దించామని భయపడ్డాం గానీ," అంది గౌరమ్మ చేతులు జోడించి, "సామే కొండ దిగొచ్చి కుండకింద ఈపు పెట్టేడర్రా."

అప్పలసూరి తడవని బస్తా వెతికి పిడికెడు ఉప్పు తెచ్చి, "చప్పిడి కూడు ఆకలిగొన్నోడికేం పెడతారు తల్లీ," అని పులగంలో కలిపాడు. ఎవరూ వద్దనలేదు.

నాటినుంచి ఆ బండ కుదురుబండగా, ఆ ఊరు కుదురుబండపాలెంగా ప్రసిద్ధి చెందాయి. కొండపైన స్వామికి నేటికీ చప్పిడి పులగమే గానీ, కింద బండ దగ్గర మాత్రం ఉప్పు వేసిందే నైవేద్యం. వచ్చిన ప్రతి భక్తుడూ వావిలికొమ్మో, చేతికందిన రాయో బాటలో వేసి మరీ కుండ దించుతాడు. ఇప్పుడు ఎడ్లబండ్లకు బదులు జీపులు దిగబడుతున్నాయి, అంతే తేడా. దిగబడిన చివరి జీపు గట్టెక్కేదాకా ఇక్కడ విస్తరి వేయరు. ఎక్కాక, లాగినవారూ లాగించుకున్నవారూ, కాళ్ళ బురదైనా కడుక్కోకుండా, బండ చుట్టూ ఒకే వరుసలో కూర్చుని పులగం కలుపుకుంటారు.