చింతపిక్కల గోపురం

సామర్లకోటలో వకుళమ్మ అని ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది. లెక్కల్లో దిట్టే, కానీ పిల్లలు నోరు తెరిచేలోపు జవాబు తనే చెప్పేసేది.

ఏం చేస్తుంది పాపం! ఇంట్లో పలకరించే మనిషి లేడు. సాయంత్రం వీధి పిల్లలు అరుగెక్కితే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. "రెండు, నాలుగు, ఆరు... తర్వాతెంత?" అని అడిగేది. వాళ్లు వేళ్లు మడిచేలోగా, "ఎనిమిదర్రా, ఎనిమిది!" అనేసేది.

ఒకరోజు వాళ్లలో భార్గవ్ అనే పిల్లాడు లాగు దులుపుకుని లేచాడు. "అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వే. మధ్యలో మేమెందుకు మామ్మా?" అన్నాడు. పిల్లలంతా పకపకా నవ్వి క్యారమ్స్ ఆడుకోవడానికి పోయారు. మళ్లీ రాలేదు.

అరుగు బోసిపోయింది. రోజంతా ఆ ఇంట్లో గడియారం చప్పుడే. ఏకాదశినాడు ఆమె దేవుడి ముందు కూర్చుని, "స్వామీ, ఇవాళ దీపాలు పెట్టేదాకా మౌనవ్రతం పడతాను. ఒక్క పసిగొంతు నా వాకిట్లో వినిపించు తండ్రీ" అని మొక్కుకుంది.

స్వామి లీల చూడండి! ఆ సాయంత్రమే ఎదురింటి సుగుణ తన ఒకటో తరగతి కూతురు కుందనని తీసుకొచ్చింది. "పిన్నిగారూ, రేషన్ షాపుకెళ్లొస్తాను, దీన్ని కాస్త చూస్తుండండి" అంది. వకుళమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. "ఓహో, వ్రతమా! ఒసేయ్, మామ్మని మాట్లాడించకు" అని కూతురికి చెప్పి సుగుణ వెళ్లిపోయింది.

వకుళమ్మ చింతపిక్కలు తెచ్చి పేర్చింది. పైన ఒకటి, కింద మూడు, ఆ కింద ఐదు.

"గోపురం!" అంది కుందన. "ఇప్పుడు ఆరేగా?" అంటూ ఆరు పెట్టింది.

'ఏడే, పిచ్చిపిల్లా!' అనబోయి వకుళమ్మ గట్టిగా పెదవి కొరుక్కుంది.

కుందన తల వంచి చూసింది. "అయ్యో, గోపురం ఒక పక్కకి ఒరిగింది!" ఇంకో పిక్క చేర్చింది. "ఇటొకటి, అటొకటి పెరగాలన్నమాట! అయితే దీని కింద..."

చీకటి పడుతోంది. వకుళమ్మ లేచి దీపం వెలిగించింది. వ్రతం తీరింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పిందా? లేదండీ. పిల్ల వేళ్లు మడుస్తుంటే చూస్తూ కూర్చుంది.

"తొమ్మిది!" కుందన కేక వీధి చివరిదాకా వినిపించింది. "మామ్మా, రేపు కూడా నువ్వు మాట్లాడకేం! మా క్లాసు వాళ్లందర్నీ తీసుకొస్తా."

వకుళమ్మ కళ్లొత్తుకుని, నవ్వుతూ తల ఊపింది.

పసివాళ్లు లెక్కను తామే కనిపెట్టేదాకా ఓపిక పట్టడమే వాళ్లకు లెక్క నేర్పడం.