గుప్పెడు గడ్డి, గంపెడు ఉలవలు

కొండకింద ఓబులమ్మ చేను. చేను పక్కన కొట్టం. కొట్టంలో బూడిదరంగు మైల ఎద్దు ఒకటి, ఒక మేక, ఒక కోడిపెట్ట, కాపలాకి ఒక కుక్క. ఊళ్లో మనుషుల వాదనలకి పొద్దుగూకితే సెలవు. ఈ కొట్టంలో వాదనలకి సెలవు లేదు. వాన ఎందుకు రాలేదన్న దగ్గర మొదలుపెట్టి, గుడ్డు పెట్టడం కష్టమా పాలివ్వడం కష్టమా అన్నదాకా ప్రతిదానికీ రెండు పక్షాలు లేస్తాయి. ఎద్దు మాత్రం ఏ పక్షంలోనూ చేరదు. అందరూ మైలన్న అంటారు. అడిగినదానికి సగం జవాబు చెప్పి, మిగతా సగం నెమరేసుకోవడం మైలన్న అలవాటు.

ఆ చలికాలం ఉలవ కోతల రోజుల్లో ఓబులమ్మ ట్రాలీ ఆటోలోంచి ఒక జీవాన్ని దింపింది. ఎత్తు మేకకంటే కాస్త ఎక్కువ. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. గిట్టలు చెక్కే దిక్కులేక ముందుకి పెరిగి, పాత చెప్పుల్లా పైకి వంకర తిరిగాయి. జూలు నిండా పల్లేరుకాయలు, వాటి కింద ఎప్పుడో పూసిన గులాబీ రంగు.

"ఇదేం దూడ?" అంది మేక.

"దూడ కాదే, గుర్రం. నీళ్లు పొయ్యక ఎండిపోయినట్టుంది," అంది కోడి.

పొట్టి గుర్రం ఎవరి వంకా చూడలేదు. కుంటుకుంటూ మూలకి పోయి, గోడకి ముఖం పెట్టి నిలబడింది.

దాని పేరు గవ్వ. పట్నం ఎగ్జిబిషన్‌లో పిల్లల్ని ఎక్కించుకుని గుండ్రంగా తిరగడం దాని పని. నడక చెడ్డాక ఎక్కే పిల్లలు తగ్గారు. ఎగ్జిబిషన్ ఎత్తేసిన రోజు లారీలో రంగులరాట్నానికి చోటు దొరికింది, గవ్వకి దొరకలేదు. గుంజకి కట్టినదాన్ని కట్టినట్టే వదిలేసిపోయారు. ఓబులమ్మ కంట పడేదాకా అట్టముక్కలు నమిలి బతికింది.

ఓబులమ్మ ఎద్దులకి లాడాలు కొట్టే మనిషిని పిలిచి గిట్టలు చెక్కించింది. పల్లేరుకాయలు ఏరబోతే మాత్రం గవ్వ వెనక్కాళ్లు లేపింది. దానికి తెలిసిన సత్యం ఒక్కటే: దగ్గరికొచ్చే ప్రతివాడూ ఎక్కడానికే వస్తాడు.

మైలన్న దగ్గరికి పోలేదు. తన గడ్డిలోంచి గుప్పెడు మూతితో అటు తోసి, ముఖం ఇటు తిప్పుకుని పడుకునేవాడు. గవ్వ వచ్చి తిని మూలకి పోయేది. కాసేపటికి మళ్లీ గుప్పెడు. మిగతా గడ్డి ఎవరికీ అందకుండా దానిమీదే పడుకునేవాడు. అదీ చలిగాలి వచ్చే వైపు, గాలి తన వీపుకి తగిలి ఆగేలాగా.

కొన్నాళ్లకి గవ్వ నోరు విప్పింది. "నువ్వెందుకు ఇటు చూడవు?"

"చూస్తే నువ్వు తినవుగా."

"నా మీద ఎక్కవా?"

"నేనెక్కితే నువ్వు మిగులుతావా తల్లీ?"

గవ్వ ముక్కు చీదింది. అది నవ్వు అని కోడి వాదన, జలుబు అని మేక వాదన.

"ఇంకొంచెం పెట్టవా?" అంది గవ్వ.

"మళ్లీ పెడతా."

"ఎప్పుడూ మళ్లీ అంటావు."

"ఎప్పుడూ పెడుతున్నాగా."

ఇదంతా గట్టు మీది తుప్పల్లోంచి ఒక నక్క చూస్తోంది. ఆ ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకెళ్లి ఊరిబయటి వాగువంకలో పడేస్తారు. వంకలో పడిందల్లా నక్కలదే. పస్తులున్న గుర్రం ఒక్కసారిగా కడుపునిండా ఉలవలు తింటే పొట్ట ఉబ్బి చస్తుందని ఈ నక్కకి తెలుసు. కళ్లంలో చూస్తే ఓబులమ్మ ఉలవల రాశి. ఎద్దు పుండు కాకికి ముద్దు. గుర్రం ఆకలి నక్కకి అంతకంటే ముద్దు.

కుక్క చేని అవతలి గట్టుకి పోయిన సమయం చూసి నక్క తడిక దగ్గరికొచ్చింది. కళ్లనిండా నీళ్లు.

"కొట్టం పెద్దలారా, నాది పరాయి నోరే, కాదనను. కానీ అడక్కుండా ఉండలేను. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఈ బిడ్డకి రెండు కళ్లూ ఉన్నాయి. దాణా ఏది?"

"మైలన్న గడ్డి పెడుతున్నాడుగా," అంది మేక.

"గుప్పెడు. ఆ మిగతా మోపు ఎక్కడుందో ఒకసారి చూడండి."

అందరూ చూశారు. మోపు మైలన్న పొట్ట కింద ఉంది.

"అయ్యో, నిజమే," అంది మేక. మేక ఎప్పుడూ ఆఖరున విన్న మాట పక్షమే.

కోడి రెక్కలు విదిల్చి ముందుకొచ్చింది. "మైలన్నా, ఆరోపణ వచ్చింది. జవాబు చెప్పాలి. గడ్డి ఎందుకు దాస్తున్నావు?"

"కొంచెం కొంచెంగా తినాలి."

"అదే, ఎందుకని?"

మైలన్న దవడ ఆడటం ఆగింది. ఏదో చెప్పబోయాడు. చెప్పకుండానే మళ్లీ నెమరు మొదలుపెట్టాడు.

"కారణం లేని మాట వాదనలో నిలవదు," అంది కోడి.

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే," అని నక్క కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు మైలన్న తోసిన గడ్డి తోసినచోటే ఉండిపోయింది. "నా తిండి మీద పడుకున్నావా?" అని మూలలోంచే అడిగింది గవ్వ.

"ఊ," అన్నాడు మైలన్న.

మర్నాడు సంత. ఓబులమ్మ గంపెత్తుకుని బయల్దేరింది, వెనకే కుక్క. ఇద్దరూ మలుపు తిరగ్గానే నక్క వచ్చింది. మేక కొమ్ముతో తడిక తీసింది, పుణ్యకార్యం చేస్తున్నట్టే తీసింది.

"రా చెల్లెమ్మా. గుప్పెడు గుప్పెడు లెక్కలు మన దగ్గర లేవు. కడుపునిండా తిను," అంది నక్క.

గవ్వ కళ్లం వైపు నడిచింది. గుట్టగా పోసిన ఉలవల వాసన ముక్కుకి తగలగానే అడుగుల వేగం పెంచింది. వెనక కొట్టంలో మైలన్న అంబా అని అరిచాడు. ఎప్పుడూ గొంతెత్తని ఎద్దు అరిచేసరికి కోడి గూట్లోంచి దూకింది. మైలన్న కట్టుగొయ్యని పెళ్లగించి, తాడుతో సహా ఈడ్చుకుంటూ పరిగెత్తి, రాశికీ గవ్వకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో," అంది గవ్వ.

"తప్పుకోను."

గవ్వ వెనక్కి తిరిగి తన్నింది. కొత్తగా చెక్కిన గిట్ట మైలన్న మోకాటి కింద తోలు చీల్చింది. మైలన్న కదల్లేదు.

"నాకొక జోడుండేవాడు," అన్నాడు. "పుల్లోడు. ఒకే కాడి కింద పెరిగినాం. కరువేడు ఇద్దరం ఎముకలు మోసుకుని తిరిగినాం. మరుసటేడు పంటొచ్చింది. కళ్లంలో జొన్నరాశి పోశారు. వాడి తాడు తెగింది, నాది తెగలేదు. వాడు తింటుంటే చూసి ఆ రోజంతా ఏడ్చినాను, నాకు దక్కలేదని. తెల్లారేసరికి వాడి పొట్ట డోలైంది, వాడు మళ్లీ లేవలేదు. ఎండిన కడుపుకి తిండి కూడా బరువే తల్లీ. ఆ బరువు కొంచెం కొంచెంగా ఎత్తాలి. నిన్ననే చెప్పాల్సింది. వాడి పేరు నోటికొస్తే నాకు గొంతు పెగలదు."

కోడీ, మేకా కూడా వెనకే వచ్చి విన్నాయి. నక్క ఒక్కటే నవ్వింది.

"మంచి కథ. కానీ జొన్నలు వేరు, ఉలవలు వేరు. గుర్రానికి కాకపోతే ఉలవలు ఎవరికి? వీటివల్ల ఎవరికైనా కీడు జరిగిందా?"

కోడికి ఆ ప్రశ్నలో సందు దొరికింది. "కీడు లేదంటావా బావా?"

"లేదు."

"అయితే నువ్వే తిని చూపించు."

నక్క నాలుగు గింజలు నాకింది. "ఇదిగో. ఏమైంది?"

"అది మైలన్న వాదన. కొంచెం తింటే ఏమీ కాదన్నది వాడు. కడుపునిండా అన్నది నువ్వు. నీ వాదనకి రుజువు నువ్వే పెట్టాలి, కడుపునిండా తిని."

నక్కకి తిండి మీద ఎంత ఆశో గెలుపు మీదా అంతే ఆశ. గుర్రం ఆ పక్కనే ఉంది, ఒక్క అడుగు దూరం. ఈ కాస్తకి వెనక్కి తగ్గుతానా అనుకుని రాశిలో మూతి పెట్టింది. గటగటా మింగింది. ఎండు గింజలు గొంతుకి అడ్డంపడితే తొట్టి దగ్గరికి పోయి నీళ్లు తాగింది. మళ్లీ మింగింది, మళ్లీ తాగింది.

గవ్వ నక్కని చూడటం లేదు. మైలన్న కాలి మీద కారుతున్న రక్తాన్ని చూస్తోంది.

"నేను తన్నాను."

"ఊ."

"నీకు కొమ్ములున్నాయిగా."

"ఉన్నాయి."

గవ్వ రాశి వైపు ఒకసారి చూసింది. ఆకలి రుచెరగదంటారు, దానికి ఆ క్షణంలో మట్టిగడ్డ అయినా తియ్యగానే ఉండేది. అయినా అడుగు వెనక్కి వేసింది. మైలన్న పక్కకి వచ్చి, మెడ అందక, ముందుకాలికి తల ఆనించింది.

"సరే, గుప్పెడే పెట్టు," అంది.

వాళ్లిద్దరూ కొట్టం చేరేలోపే ఉలవలు నక్క కడుపులో నానడం మొదలుపెట్టాయి. ముందు నడుము కనిపించకుండా పోయింది, తర్వాత మెడ. కూర్చోబోతే కుదరలేదు, పడుకోబోతే దొర్లింది.

"బావా, వాదన కొనసాగిస్తావా?" అంది కోడి.

నక్క నోరు తెరిచింది. మాట ముందునుంచి రాలేదు, వెనకనుంచి వచ్చింది. అంతలో సంత దారి మీంచి కుక్క గొంతు వినిపించింది. ఆ పొట్టతో నక్క పరిగెత్తిన తీరు గురించి కొట్టంలో ఇప్పటికీ వాదనలున్నాయి. పరిగెత్తిందని మేక అంటుంది, దొర్లిందని కోడి అంటుంది.

గుప్పెడు రెండు గుప్పెళ్లయింది. తర్వాత నానబెట్టిన ఉలవలు నాలుగు, ఆ తర్వాత దోసెడు. పక్కటెముకల మీదికి కండ వచ్చింది. ఓబులమ్మ పల్లేరుకాయలు ఏరుతుంటే గవ్వ కాలు లేపలేదు, కళ్లు మూసుకుంది.

ఒక ఉదయం కోడి కేకలకి కొట్టం అదిరింది. "గవ్వ పడిపోయింది. కాళ్లు చాపేసింది. మైలన్నా, అయిపోయింది."

"అరవకు," అన్నాడు మైలన్న. "గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. కాళ్లు చాపి పడుకోవాలంటే చుట్టూ ఉన్నవాళ్ల మీద నమ్మకం కుదరాలి. ఇన్నాళ్లకి కుదిరింది. పడుకోనీ."

కోడి ఆ రోజంతా గొంతెత్తలేదు. దాని బతుకులో వాదించకుండా గడిపిన రోజు అదొక్కటే.

గట్టు మీంచి నక్క కూడా ఆ చాపిన కాళ్లు చూసింది. చచ్చిందనుకుంది. బంధువులందర్నీ పిలిచి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా చెప్పి, వంకలో విందుకి బంతి వేయించింది. ఎండెక్కింది. ఎవరూ ఏదీ ఈడ్చుకుని రాలేదు. పొద్దు వాలే వేళకి కొండకింద నుంచి సకిలింపు ఒకటి వినిపించింది, పొట్టిగా, పొగరుగా. పస్తు పడుకోవాల్సిన నక్కలన్నీ లేచి పిలిచినవాడి వైపు చూశాయి.

గుప్పెడు పెట్టేవాణ్ణి పిసినారి అనేముందు, గంప చూపేవాడి ఆకలి ఏమిటో అడుగు.